ఎవరికేం తెలుసో లెక్కగట్టే ప్రోగ్రాము: ప్రాజెక్టు డైరీ

ఎదుటివారికి ఏం తెలుసో, ఏం తెలియదో ఆలోచించి విప్పవలసిన పజిళ్లను కంప్యూటరు చేత విప్పించడానికి రాస్తున్న ప్రోగ్రాముకు ఇది పని చిట్టా. ఇదే పని చేయదలచినవారు నేరుగా వాడుకోవడానికి వీలుగా, ఏ దశలో ఏది చెడిందో, సాధ్యమైన జవాబుల జాబితాలో ఎన్ని మిగిలాయో, దేన్ని ఎందుకు మార్చవలసి వచ్చిందో అంకెలతో సహా రాస్తున్నాను. చెడిన చోట్లన్నిటికీ మూలం దాదాపు ఒకటే: ఒక పాత్ర అన్న మాటను ఏ జాబితా మీద పరీక్షించాలన్న ప్రశ్న. అందుకే ప్రతి దశలోనూ ఆ ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగాను.

దశ 0: పనిముట్లు

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, అందులోని లిస్టులు, డిక్షనరీలు (ఒక గుర్తు ఇస్తే దానికి సంబంధించినవాటిని వెంటనే తీసి ఇచ్చే పట్టికలు), చేత్తో సరిచూసుకోవడానికి ఒక గళ్ల నోటుపుస్తకం చాలు. ప్రత్యేకమైన లైబ్రరీ ఏదీ అవసరం పడలేదు. పునాది 1962లో తత్వవేత్త యాకో హింటిక్కా ఇచ్చిన భావన: ఒక మనిషికి ఒక విషయం తెలుసు అంటే, అతడు చూస్తున్నదానితో పొసిగే స్థితులన్నిటిలోనూ (అసలు సంగతి ఇలా ఉండవచ్చు అనే ఒక్కో అవకాశం ఒక స్థితి) ఆ విషయం నిజమై ఉండాలి. అందరి ఎదుట ఒక మాట పలకగానే, ఆ మాట అబద్ధమయ్యే స్థితులను కొట్టివేయడం రెండో మెట్టు. దీన్ని యాన్ ప్లాజా 1989లో ఒక తర్కపద్ధతిగా తీర్చిదిద్దాడు.

1. సాధ్యమైన స్థితులన్నిటినీ ఒక జాబితాగా రాయాలి.
2. ప్రతి పాత్రకూ ఒక చూపు ఇవ్వాలి. అంటే, ఒక స్థితిని అందిస్తే అందులో ఆ పాత్రకు కనిపించేదాన్ని తిరిగి ఇచ్చే ఫంక్షన్ రాయాలి.
3. ఒక పాత్రకు ఒకేలా కనిపించే స్థితులను ఒక గుంపుగా కట్టాలి.
4. గుంపులోని స్థితులన్నిటిలోనూ నిజమైనదే ఆ పాత్రకు తెలిసినది. జవాబే తెలియాలంటే గుంపులో ఒక్క స్థితే ఉండాలి.
5. ప్రతి మాట తరవాత జాబితాలో ఎన్ని మిగిలాయో అచ్చు వేయాలి.

అయిదో మెట్టును ఎవరూ వదలవద్దు. ఈ పజిళ్లలో చివరి జవాబు సరిపోయినంత మాత్రాన దారి సరైనదని చెప్పలేము; దారి తప్పిన చోటు ఈ అంకెల వరుసలోనే బయటపడుతుంది.

దశ 1: పది తేదీలు

మొదటి పరీక్షకు చిన్న జాబితా కావాలి కనుక, సింగపూరు, ఆసియా పాఠశాలల గణిత ఒలింపియాడ్ ప్రశ్నగా వచ్చి 2015 ఏప్రిల్‌లో ప్రపంచమంతా తిరిగిన షెరిల్ పుట్టినరోజు పజిల్‌ను తీసుకున్నాను. తేదీలు పది: మే 15, 16, 19, జూన్ 17, 18, జులై 14, 16, ఆగస్టు 14, 15, 17. ఆల్బర్ట్‌కు నెల మాత్రమే తెలుసు, బెర్నార్డ్‌కు రోజు అంకె మాత్రమే తెలుసు. ఆల్బర్ట్ అంటాడు: "పుట్టినరోజు ఎప్పుడో నాకు తెలియదు, అయితే బెర్నార్డ్‌కూ తెలియదని నాకు తెలుసు." బెర్నార్డ్ అంటాడు: "మొదట నాకు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది." ఆల్బర్ట్ అంటాడు: "అయితే నాకూ తెలిసింది."

మొదటి రూపంలో ప్రోగ్రాము ఆల్బర్ట్ మాటను రెండు ముక్కలుగా విడదీసింది: బెర్నార్డ్‌కు తెలియదు అన్నది ఒకటి, ఆల్బర్ట్‌కు తెలియదు అన్నది మరొకటి. వరుస ఇలా వచ్చింది.

మొదట 10.
బెర్నార్డ్‌కు తెలియదు: 8 (మే 19, జూన్ 18 పోయాయి).
ఆల్బర్ట్‌కు తెలియదు: 7 (జూన్‌లో ఒక్కటే మిగిలింది కనుక జూన్ 17 పోయింది).
బెర్నార్డ్‌కు ఇప్పుడు తెలిసింది: 1, ఆగస్టు 17.

చివరికి ఒక్కటే మిగిలింది, ఆల్బర్ట్ ఆఖరి మాట కూడా పొసిగింది, ఎక్కడా ప్రోగ్రాము ఆగలేదు. అయినా ఇది తప్పు జవాబు. నిర్వాహకులు చెప్పిన సరైన జవాబు జులై 16. ఆనాడు ఆగస్టు 17 అని గట్టిగా వాదించినవారు కూడా ఎందరో ఉన్నారు. వారి దారి సరిగ్గా ఈ నాలుగు వరుసల దారే.

లోపం ఎక్కడుందంటే, "బెర్నార్డ్‌కు తెలియదు" అన్న వాస్తవాన్ని ఎవరో బయటినుంచి వచ్చి ప్రకటించినట్టు ప్రోగ్రాము పరిగణించింది. పజిల్‌లో ఆ మాట అన్నది నెల తప్ప మరేమీ తెలియని ఆల్బర్ట్. నెలను మాత్రమే చూసి అతడు అంత ధీమాగా చెప్పగలిగాడంటే, ఆ నెలలోని ఏ తేదీ అయినా సరే బెర్నార్డ్‌కు జవాబు దొరకకూడదు. మేలో 19 ఉంది, జూన్‌లో 18 ఉంది. కనుక ఒక్కొక్క తేదీగా కాక, ఆ రెండు నెలలూ మొత్తంగా పోతాయి.

మార్పు: "తెలుసు" అనే ఫంక్షన్ ఇప్పుడు ఒక పాత్రను, ఒక ప్రతిపాదనను (నిజమో అబద్ధమో తేల్చదగిన మాటను), ఒక స్థితిని తీసుకుంటుంది. ఆ ప్రతిపాదనలో మళ్లీ మరొక "తెలుసు" ఉండవచ్చు. ఇలా ఒక "తెలుసు"లో మరొకటి ఇమిడే వీలు లేకుండా రాసిన ప్రోగ్రాము ఈ రకం పజిళ్లలో ఏ ఒక్కదానికీ నమ్మదగినది కాదు. మార్పు తరవాత వరుస: 10, 5, 3, 1. అయిదు అంటే జులై, ఆగస్టు తేదీలు. రెండు నెలల్లోనూ ఉన్న 14 పోగా జులై 16, ఆగస్టు 15, ఆగస్టు 17 మిగిలాయి. ఆల్బర్ట్‌కు ఇప్పుడు తెలిసిందంటే అతడి నెలలో ఒక్కటే మిగిలి ఉండాలి కనుక, అది జులై 16.

దశ 2: నుదుటి మీద మట్టి

పిల్లలు ఆడుకుని వచ్చారు. ప్రతివారికీ మిగిలినవారి నుదురు కనిపిస్తుంది, తమది కనిపించదు. తండ్రి "మీలో కనీసం ఒకరికి మట్టి అంటింది" అని అందరి ఎదుటా చెప్పి, "తమ సంగతి తమకు తెలిసినవారు ముందుకు రండి" అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. 1953లో గణితవేత్త లిటిల్‌వుడ్ దీన్నే ముఖాలకు మసి అంటిన ముగ్గురు స్త్రీల కథగా రాశాడు.

ముగ్గురు పిల్లలు, ముగ్గురికీ మట్టి ఉన్న సందర్భాన్ని తీసుకున్నాను. ఒక్కో స్థితిని మూడంకెల వరుసగా రాస్తే (1 అంటే మట్టి, 0 అంటే లేదు) స్థితులు ఎనిమిది. రావలసిన ఫలితం: మొదటి రెండు ప్రశ్నలకూ ఎవరూ కదలరు, మూడో ప్రశ్నకు ముగ్గురూ ముందుకు వస్తారు. ప్రోగ్రాము మాత్రం మొదటి ప్రశ్నకే మూడో పిల్లకు తెలిసిపోయిందని చెప్పింది. అచ్చయిన వరుస:

మొదట 8.
తండ్రి మాట: 7 (000 పోయింది).
మొదటి పిల్లకు తెలియదు: 6 (100 పోయింది).
రెండో పిల్లకు తెలియదు: 4 (010, 110 పోయాయి).
మిగిలినవి 001, 101, 011, 111.

మిగిలిన నాలుగింటిలోనూ చివరి అంకె 1. కనుక మూడో పిల్లకు నిజంగానే తెలుస్తుంది. ఇందులో తర్కం ఎక్కడా తప్పు లేదు. ఇది వేరే పజిల్‌కు సరైన జవాబు. పిల్లలు ఒకరి తరవాత ఒకరు గట్టిగా జవాబు చెప్పే పజిల్, వరుసగా నిలబడి టోపీ రంగు చెప్పే పజిళ్లకు చుట్టం. పిల్లల మీద తిరిగే లూపు ఒక్కొక్కరి జవాబుకూ జాబితాను అక్కడికక్కడే కత్తిరిస్తూ పోయింది కనుక, రెండో పిల్ల మొదటి పిల్ల జవాబు విన్న తరవాత ఆలోచించినట్టయింది. కథలో పిల్లలు ఒకేసారి కదలాలి, లేదా ఒకేసారి నిలిచిపోవాలి.

మార్పు ఇలా చేశాను.

1. ప్రతి ప్రశ్న మొదట్లో జాబితాకు ఒక నకలు తీసి పక్కన పెట్టాలి.
2. పిల్లలందరి జవాబులనూ ఆ నకలు మీదే లెక్కగట్టాలి.
3. అందరి జవాబులూ చేతికి వచ్చాకే అసలు జాబితాను ఒక్కసారిగా కత్తిరించాలి.

తరవాతి వరుస 8, 7, 4, 1. మొదటి మౌనంతో ఒక్కరికే మట్టి ఉన్న మూడు స్థితులు, రెండో మౌనంతో ఇద్దరికి ఉన్న మూడు స్థితులు పోయాయి. నలుగురు పిల్లలతో 16, 15, 11, 5, 1 వచ్చింది. ప్రతి మౌనానికీ సరిగ్గా ఒక వరుస స్థితులు రాలిపోతున్నాయని ఈ అంకెల తేడాలే చూపుతాయి.

తండ్రి మాట తీసివేసి అదే ప్రోగ్రామును నడిపితే 8, 8, 8 అని అలాగే ఉండిపోతుంది. ఈ పజిల్‌ను నేను ఎంతో విలువైనదిగా భావించడానికి కారణం ఈ మూడు ఎనిమిదులే. ముగ్గురికీ మట్టి ఉన్నప్పుడు, కనీసం ఒకరికి ఉందన్న సంగతి తండ్రి చెప్పకముందే ప్రతి పిల్లకూ తెలుసు. అంతేకాదు, మిగిలినవారికి తెలుసన్న సంగతి కూడా ప్రతి పిల్లకూ తెలుసు. అయినా 000 అన్న స్థితి జాబితాలో ఉన్నంతకాలం, ఒకరి ఊహలో మరొకరి ఊహ, అందులో ఇంకొకరి ఊహ అంటూ పోతే దాని దగ్గరకు చేరుకోవచ్చు. అందరి ఎదుటా పలికిన మాట ఆ దారిని మొదలంటా మూసివేస్తుంది. అందరికీ తెలిసి ఉండడానికీ, అది అందరికీ తెలుసని అందరికీ తెలుసు అంటూ ఎంత లోతుకు పోయినా నిజమై ఉండడానికీ మధ్య దూరాన్ని ఇంత చిన్న జాబితాలో చూపే ఉదాహరణ నాకు మరొకటి కనిపించలేదు.

పిల్లల సంఖ్య పెరిగితే స్థితులు ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయి: పదిమందికి 1,024, ఇరవైమందికి 10,48,576. ఈ ప్రాజెక్టుకు పదిమంది చాలు కనుక అక్కడ ఆపాను.

దశ 3: మొత్తం, లబ్ధం

హాన్స్ ఫ్రాయిడెంతాల్ 1969లో ఒక డచ్ గణిత పత్రికలో ఇచ్చిన సమస్య ఇది. ఒకటికంటే పెద్దవైన రెండు వేర్వేరు పూర్ణసంఖ్యలు ఉన్నాయి, వాటి మొత్తం 100 దాటదు. ఒకరికి మొత్తం మాత్రమే, ఇంకొకరికి లబ్ధం మాత్రమే చెప్పారు. సంభాషణ నాలుగు మాటలు.

1. లబ్ధం తెలిసినవాడు: "ఆ సంఖ్యలేవో నాకు తెలియదు."
2. మొత్తం తెలిసినవాడు: "నీకు తెలియదని నాకు ముందే తెలుసు."
3. లబ్ధం తెలిసినవాడు: "అయితే ఇప్పుడు నాకు తెలిసింది."
4. మొత్తం తెలిసినవాడు: "ఇప్పుడు నాకూ తెలిసింది."

మొదటి జాబితాలో 2,352 జతలు ఉన్నాయి. మొదటి మాటకు జాబితా తగ్గింది, రెండో మాటకు ఒక్క జత కూడా తగ్గలేదు. వరుసలో ఒకే అంకె రెండుసార్లు కనబడడమే ఇక్కడ హెచ్చరిక. మొదటి మాట విన్నాక జాబితాలో లబ్ధంతోనే తేలిపోయే జత ఏదీ మిగలదు కనుక, ఆ కత్తిరించిన జాబితా మీద "నీకు తెలియదని నాకు తెలుసు" అన్నది ప్రతి చోటా నిజమే అవుతుంది. కానీ రెండోవాడు "ముందే" అన్నాడు. అతడి మాటను మొదటి మాటకంటే ముందున్న 2,352 జతల మీద పరీక్షించాలి. కత్తిరింపు మాత్రం ఇప్పటి జాబితా మీద జరగాలి.

ఈ ఒక్క పదం కోసం ప్రోగ్రాము అమరికనే మార్చవలసి వచ్చింది. ఇప్పుడు ప్రతి దశలోని జాబితానూ పారేయకుండా వరుసగా దాచి ఉంచుతున్నాను. ప్రతి మాటతోపాటు దాన్ని ఏ సంఖ్య గల జాబితా మీద పరీక్షించాలో కూడా రాయాలి. బెర్నార్డ్ "మొదట తెలియలేదు" అన్నదానికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ అది జవాబును మార్చలేదు కనుక కంటికి ఆనలేదు.

సరిచేసిన వరుస:

మొదట 2,352.
రెండో మాట తరవాత 145.
మూడో మాట తరవాత 86.
నాలుగో మాట తరవాత 1: సంఖ్యలు 4, 13.

రెండో మాట నిజమైతే మొదటి మాట దానంతటదే నిజమవుతుంది కనుక, మొదటిదాన్ని తొలగించి నడిపినా 145 రావాలి. వచ్చింది. ఆ 145 జతల మొత్తాలు పదే: 11, 17, 23, 27, 29, 35, 37, 41, 47, 53. యాభై మూడు దాటి ఏదీ లేకపోవడానికి కారణం చేత్తోనే తెలుసుకోవచ్చు. మొత్తం 55 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే, ఒక సంఖ్య 53 అయ్యే అవకాశం ఉంటుంది. యాభై మూడు ప్రధానసంఖ్య. దాని మరో గుణిజం 106 నుంచి మొదలై హద్దు దాటిపోతుంది కనుక, అటువంటి లబ్ధం చూసినవాడికి జవాబు వెంటనే తెలిసిపోతుంది. ఇక 54 అన్నది 7, 47 అనే రెండు ప్రధానసంఖ్యల మొత్తం కనుక అదీ పోతుంది.

చివరి మెట్టును నోటుపుస్తకంలో దగ్గరగా చూశాను. మొత్తం 17 అయితే జతలు ఏడు, లబ్ధాలు 30, 42, 52, 60, 66, 70, 72. వీటిలో 30 అన్నది మొత్తం 11లో కూడా (5, 6) వస్తుంది. 42, 60 రెండూ మొత్తం 23లో, 66 మొత్తం 35లో, 70 మొత్తం 37లో, 72 మొత్తం 27లో వస్తాయి. మిగిలింది 52. దాన్ని 2, 26గా కూడా విడగొట్టవచ్చు గానీ, వాటి మొత్తం 28 ఆ పది మొత్తాలలో లేదు. అందువల్ల 52 చూసినవాడికి మూడో మాట దగ్గర జవాబు తేలిపోతుంది, 17 చూసినవాడికి నాలుగో మాట దగ్గర తేలుతుంది. మిగిలిన తొమ్మిది మొత్తాలలో ప్రతి ఒక్కదానికీ మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ జతలు మిగిలి ఉన్నాయి. 53కైతే 18 ఉన్నాయి.

*శ్రమ కొలత.* రెండో మాటను తిన్నగా రాస్తే, ప్రతి జతకూ అదే మొత్తం ఉన్న జతలన్నిటినీ తీసి, వాటిలో ప్రతిదానికీ జాబితా అంతా వెతకాలి. మొత్తం సమానంగా ఉండే జంటల లెక్క 76,048. దాన్ని 2,352తో గుణిస్తే 17,88,64,896 పోలికలు. మొదట్లోనే లబ్ధం వారీగా ఒక డిక్షనరీ, మొత్తం వారీగా ఒక డిక్షనరీ కట్టుకుంటే, ఆ 76,048 చూపులతోనే పని పూర్తవుతుంది. జాబితా కత్తిరించిన ప్రతిసారీ డిక్షనరీలను కొత్తగా కట్టాలన్నది మరిచిపోకూడదు. పాత డిక్షనరీ మీద కొత్త మాటను పరీక్షిస్తే మళ్లీ అదే జబ్బు.

*హద్దు మార్చి చూడడం.* పని తేలిక అవుతుందని హద్దును 20కి దింపి, రెండు సంఖ్యలూ 2 నుంచి 20 లోపలే ఉండాలన్న నియమంతో నడిపాను. వరుస: మొదట 171, రెండో మాటకు 4, మూడో మాటకు 4, నాలుగో మాటకు 0. ఈ హద్దులో 52కు 4, 13 తప్ప మరో విభజన లేదు (26 హద్దు దాటుతుంది), కనుక మొత్తం 17 మొదట్లోనే పడిపోతుంది. మిగిలేది 11 ఒక్కటే. దాని నాలుగు జతల్లో ఏదైనా లబ్ధం చూసినవాడికి తెలిసిపోతుంది, మొత్తం చూసినవాడికి ఎప్పటికీ తెలియదు. జవాబులో ఉన్న సంఖ్యలు హద్దు లోపలే ఉన్నాయి కదా అని హద్దును కుదించడం ఈ పజిళ్లలో కుదరదు. జవాబు కాని జతలే జవాబును నిలబెడతాయి.

దశ 4: పైహద్దు లేని జాబితా

ఇద్దరి దగ్గర పక్కపక్క సంఖ్యలు ఉన్నాయి, ఎవరిది వారికే తెలుసు, ఒకరి తరవాత ఒకరు "నాకు తెలియదు" అంటూ పోతారు. సంఖ్యలు ఒకటి నుంచి మొదలవుతాయి, పైహద్దు లేదు. ప్రోగ్రాముకు మాత్రం జాబితా ఎక్కడో ఒకచోట ఆగాలి. పది దగ్గర ఆపితే వరుస 18, 16, 12, 8 అని వచ్చింది. కొట్టివేసిన పదింటిలో అయిదు మాత్రమే న్యాయమైనవి, అంటే ఒకటి వైపు నుంచి మొదలైనవి. మిగిలిన అయిదూ పదిని చూసినవాడు "అయితే నీది తొమ్మిదే" అనుకోవడం వల్ల పై నుంచి దిగివచ్చినవి, కథలో లేనివి. మూడు మాటలకే ఈ కల్తీ 8, 7 అనే జత దాకా పాకింది.

మార్పు: హద్దు లేని పజిల్‌ను ఎప్పుడూ రెండు వేర్వేరు హద్దులతో నడిపి, రెండింటిలోనూ ఒకేలా వచ్చిన ఫలితాన్నే ఉంచుకోవాలి. ప్రతి మాటకూ కల్తీ ఒక్క మెట్టు దిగుతుంది కనుక, మాటల సంఖ్యకు తగినంత ఖాళీ పైన వదిలితే సరిపోతుంది.

దశ 5: చెవిలో చెప్పిన మాట

ఇంతవరకూ ప్రతి మాటా అందరి ఎదుటే పలికారు. మట్టి కథలో తండ్రి మొదటి పిల్లను పక్కకు పిలిచి, కనీసం ఒకరికి మట్టి ఉందో లేదో ఆమె చెవిలో చెప్పాడనుకుందాం. ఏ విషయం చెబుతున్నాడో మిగిలిన ఇద్దరికీ తెలుసు, ఏమని చెప్పాడో తెలియదు. దీన్ని కత్తిరింపుగా రాస్తే 000 పోయి 7 వస్తుంది. అది తప్పు, ఎందుకంటే మిగిలిన ఇద్దరి ఊహల్లో 000 ఇంకా బతికే ఉంది.

ఇక్కడ చేసిన మార్పు చిన్నది, ఫలితం మాత్రం పెద్దది: జాబితాను ముట్టుకోకుండా, మొదటి పిల్ల చూపుకు ఒక కొత్త అంశం చేర్చాను. అంతకుముందు ఆమె చూపు మిగిలిన ఇద్దరి నుదుళ్లు; ఇప్పుడు వాటితోపాటు తండ్రి చెప్పిన అవును గానీ కాదు గానీ. ఆమె గుంపులు నాలుగు నుంచి అయిదు అయ్యాయి, 000, 100 విడిపోయాయి. స్థితులు 8 గానే ఉన్నాయి. తరవాత ఆమె అందరి ఎదుటా "నా సంగతి నాకు తెలియదు" అంటే ఆ రెండూ పోయి 6 మిగిలాయి. అప్పుడు మూడో పిల్ల నుదురు శుభ్రంగా ఉన్నట్టు చూసిన రెండో పిల్లకు, మట్టి తనకే ఉందని తెలుస్తుంది. నోటుపుస్తకంలో వేసిన లెక్కతో ఇది సరిపోయింది.

తండ్రి చెవిలో చెప్పాడన్న సంగతే మిగిలినవారికి తెలియకపోతే ఈ పద్ధతీ చాలదు. గుంపులు కట్టే పద్ధతిలో ప్రతివారి గుంపులోనూ అసలు స్థితి తప్పక ఉంటుంది. రహస్యంలో మాత్రం మిగిలిన ఇద్దరూ ఏమీ జరగలేదనే అనుకుంటారు, అసలు స్థితి వారి ఊహలోనే ఉండదు. తర్కశాస్త్రజ్ఞులు బాల్టాగ్, మాస్, సొలెకీ 1998లో చూపిన దారి, జరిగిన సంఘటనలకు కూడా స్థితుల మాదిరిగానే ఒక జాబితా రాసి రెండింటినీ గుణించడం. అది పెట్టడానికి ఇప్పుడు చేస్తున్న మార్పులు ఇవి.

1. చూపు ఫంక్షన్ల స్థానంలో, ప్రతి పాత్రకూ ప్రతి స్థితి నుంచి ఏ స్థితులు సాధ్యమని తోస్తుందో తెలిపే బాణాల జాబితా పెట్టాలి.
2. చెవిలో చెప్పడం ఒక సంఘటన, ఏమీ జరగకపోవడం మరొక సంఘటన. మొదటిదానికి 7 స్థితులు, రెండోదానికి 8 స్థితులు సరిపడతాయి కనుక గుణింపు తరవాత 15 రావాలి.
3. మొదటి ఏడింటిలోని ఏ స్థితి నుంచి చూసినా, రెండో పిల్ల, మూడో పిల్ల బాణాలన్నీ ఆ ఎనిమిదింటిలోకే పోవాలి.

ప్రస్తుతం 15 వస్తోంది. బాణాల పరీక్షలో మాత్రం మూడో పిల్ల బాణం ఒకటి ఇంకా 111 మీదనుంచి దాని మీదకే తిరిగి వస్తోంది. పాత గుంపుల నుంచి బాణాలను తయారుచేసే ఫంక్షన్‌ను తీసివేసి కొత్తగా రాస్తున్నాను.